నానీ దస్తర్‌ఖాన్ మీద పెద్దపువ్వు

పోయిన నెలలో ఒక రోజు పొద్దున్నే జుబేదా ఖాలా ఫోన్ చేసి, "నీ బీరువా మీద నా బటర్ పేపర్ చుట్ట ఉండాలి చూడు. చెదలు తినకపోతే పట్టుకురా" అంది. ఖాలా అంటే మా అమ్మీ చెల్లెలు. డెబ్బై దాటినా ఫోన్లో పలకరింపులు ఆమెకి అలవాటు కాలేదు. ఎత్తగానే పని చెబుతుంది, చెప్పగానే పెట్టేస్తుంది. తన అద్దకం బట్టలన్నీ ఒకచోట పెట్టి విజయవాడలో ప్రదర్శన చేస్తున్నారనీ, పాత కాగితాలేమైనా ఉంటే అవి కూడా ఇమ్మన్నారనీ పెట్టేసే ముందు ఒక్క ముక్క చెప్పింది. స్టూలెక్కి చుట్ట దించి, దుమ్ము దులిపి, హాల్లో నేల మీద పరిచాను. మళ్ళీ చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు నిఘంటువులు పెట్టాల్సి వచ్చింది. ఏడెనిమిది కాగితాలు అంటించి చేసిన పెద్ద కాగితం అది, మజ్జిగ పులుసు రంగుకి తిరిగింది. దాని అంచు చుట్టూ జానెడేసి పువ్వులు, వాటి మధ్య కొడవళ్ళలా వంగిన ఆకులు. ఒక మూల పువ్వు చుట్టూ ఎర్ర పెన్సిల్ సున్నా, పక్కనే పత్రికల్లో ప్రూఫులు దిద్దేవాళ్ళు వేసే గుర్తు ఒకటి. అది నా చేతి గుర్తే. వేసిన రోజున నాకు ఇరవై రెండేళ్ళు. తప్పనేది నా కంటపడకుండా పోదని గట్టిగా నమ్ముతున్న రోజులు.

మా ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సినంత సందులో ఉండేది. వీధి గదిలో అబ్బా టైలరింగ్ షాపు, వెనక రెండు గదుల్లో మేము, మేడ మీద రేకుల గదిలో ఖాలా. వేళెంతయిందో ఆ ఇంట్లో వాసనని బట్టి చెప్పవచ్చు. పొద్దున ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకునే వాసన, తర్వాత మిషన్ నూనె, పదకొండు గంటలకి పుదీనా, వేగుతున్న ఉల్లిపాయ, ఎండెక్కాక మేడ మీదనుంచి మెట్లు దిగి వచ్చే టర్పెంటైన్. ఆ చివరి వాసన రాగానే అమ్మీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. "మీ చెల్లెలికి పెళ్ళి చేసెయ్యి, ఆ డబ్బాలు కూడా అత్తారింటికి పోతాయి" అని అబ్బా కత్తెర ఆపి నవ్వేవాడు. ఖాలా పైనుంచే "రంగు ఆరనివ్వండి దూలాభాయ్" అని బావకి జవాబు చెప్పేది. ఆ రంగు ఇంతవరకు ఆరలేదు.

ఖాలా ఆడపిల్లల స్కూల్లో డ్రాయింగ్ టీచరు. స్కూలు అయ్యాక ఆమె ఏ పనిలో ఉంటుందో మాకే తెలిసేది కాదు. ఒక సాయంత్రం నిచ్చెన మీద నిలబడి మందుల షాపుకి బోర్డు రాస్తూ కనిపించేది, మర్నాడు పెళ్ళివారింట్లో గోరింటాకు పెడుతూ ఉండేది. కాగితం గుజ్జుతో బొమ్మలు చేసేది. నేను ప్రూఫ్ రీడర్‌గా చేరిన దినపత్రికలో ఆదివారం కథలకి బొమ్మలు వేసేది. కూచిపూడిలో నాట్యం నేర్పే మేష్టారొకాయనకి తెరలు రాసి ఇచ్చేది. "ఆర్టిస్టంటే ఏదో ఒకటి చేస్తారు గానీ, ఇన్ని చేస్తే ఏ ఆర్టిస్టని చెప్పుకోవాలమ్మా నిన్ను?" అని పక్కింటావిడ అడిగితే, "చెయ్యి ఒకటేనండీ, గోడలు మారుతుంటాయి అంతే" అంది.

మేం నేల మీద కూర్చుని తినేవాళ్ళం. ముందు చాప, చాప మీద దస్తర్‌ఖాన్, అంటే భోజనాలకి పరిచే బట్ట. అమ్మీ వాళ్ళ అమ్మ, మా నానీ, పెళ్ళినాడు బందరునుంచి తెచ్చుకున్నది. చెక్క అచ్చులతో అద్దిన ముతక బట్ట. గోధుమ పిండి రంగు నేల మీద చిక్కటి ఎరుపు, నలుపు. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఎరుపు వెలిసిపోలేదు. ఎవరూ దాన్ని దాటకూడదు. నానీ మొదటి ముద్ద ఎత్తేదాకా ఎవరి చెయ్యీ కదలకూడదు. అన్నాలయ్యాక మెతుకులతో సహా మడిచి మేడ మీదికి తీసుకుపోయి పిచ్చుకలకి దులపాలి. ఆ పని నాది. ఒక్కొక్కరికి ఒక పువ్వు ఉండేది. "నీ పువ్వు దగ్గర కూర్చో" అంటే ఎక్కడ కూర్చోవాలో మాకు తెలుసు. నా పువ్వు మీద చిన్నప్పుడు ఒలకపోసిన పప్పు మరక ఉండేది, అది చూస్తే నాకు నా పేరు చూసినట్టే. నానీది మూల పువ్వు. అన్నం గిన్నె ఆమె ముందే ఉండేది, అంటే ఆ పువ్వు మీదే. వడ్డన అయ్యేదాకా గిన్నె లేచేది కాదు, గిన్నె లేవగానే బట్ట మడిచేవాళ్ళం. అన్నేళ్ళు ఆ బట్ట చుట్టూ కూర్చుని తిన్నా ఆ మూల పువ్వుని నేను సరిగా చూడనే లేదు.

ఒకసారి కూచిపూడి మేష్టారి తెర కోసం ఖాలా ఆ దస్తర్‌ఖాన్ పువ్వునే పదింతలు చేసి రాసింది. ప్రదర్శన అయ్యాక జనం నాట్యం చేసిన అమ్మాయి దగ్గరికి కాకుండా తెర దగ్గరికి వచ్చి నిలబడ్డారట. "ఈ పువ్వు మా అమ్మమ్మ దుప్పటి మీద ఉండేది" అని ఒకామె తెరని తడిమి చూసిందట. ఆ రోజునుంచి ఖాలాకి మరో ధ్యాస లేదు. తెర మీద రంగు కాదు, బట్ట మీద అద్దకం కావాలి, అది కూడా పాత పద్ధతిలో, పాత సైజులో. అప్పుడు బజారంతా కందిగింజంత పువ్వులు, లేతరంగు నైలాన్ చీరలు. బట్టల షాపాయనకి ఖాలా బొమ్మ గీసి చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "ఇంత పువ్వు వేసుకుని బస్సెక్కితే కండక్టరు రెండు టిక్కెట్లు కొడతాడండీ" అన్నాడు. ఖాలా ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పి తనే ముందు నవ్వింది. ఆ తర్వాతి ఆదివారం బందరు బస్సెక్కింది. నన్ను కూడా ఎక్కించింది.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి, బందరులో దిగి, ఇంకో బస్సు మారి పెడన దగ్గర ఒక ఊరు చేరాం. కాలవ పక్కన అద్దకం పనివాళ్ళ ఇళ్ళు. నాలుగు గుమ్మాల్లో అడిగితే, "ఆ పెద్దపువ్వు రకం ఇప్పుడెవరు వేస్తారమ్మా, వీరభద్రయ్య గారికి తెలుసేమో" అన్నారు. వీరభద్రయ్య గారు అరుగు మీద మంచంలో ఉన్నారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. చేతులు వణుకుతున్నాయి, కళ్ళకి పొరలు కమ్మాయి. ఆయన కోడలు నాంచారమ్మ లోపల చిన్నపూల దుప్పట్లు అద్దుతోంది. నానీని ఒకరోజంతా బతిమాలి తెచ్చిన దస్తర్‌ఖాన్‌ని ఖాలా ఆయన ఒళ్ళో పెట్టింది. (ఆ పూట ఇంట్లో న్యూస్ పేపర్లు పరుచుకుని తిన్నారట. "అన్నం కింద అన్నీ చావు వార్తలే" అని నానీ వారం రోజులు సణిగింది.) ఆయన బట్టని మొత్తం విప్పలేదు. అంచు పట్టుకుని వెతుక్కుంటూ పోయి, ఒక మూల దగ్గర ఆగి, దాన్ని కంటికి ఆనించుకున్నారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా అమ్మదండీ. పెళ్ళికి కొన్నారు."

"మా నాన్న చేతిది" అన్నారాయన.  నేత చూసి పోల్చుకున్నారని నేను అనుకున్నాను.

అచ్చులు అటక మీద ఉన్నాయని ఆయనే చెప్పారు. నాంచారమ్మ నిచ్చెన వేసి దించింది. టేకు చెక్కలు, నూనె పట్టి నల్లబడ్డాయి. పువ్వుకి రెండు, ఆకుకి రెండు. కానీ ఏది ఎక్కడ ఎంత ఎడంలో పడాలో నాంచారమ్మకి తెలియదు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆ రకం ఆపేశారు. ఆయన చేతులు అచ్చు పట్టే స్థితిలో లేవు. "మేం కాగితం మీద కొలతలతో గీసుకుంటాం, ఆవిడ దాన్ని చూసి అద్దుతారు" అని ఖాలా అంది. ఆయన ఒక అచ్చు చేతిలోకి తీసుకుని తడిమారు.

"అచ్చులు ఇస్తాను. బట్ట అయ్యాక మొదట నాకు చూపించాలి. మా ఇంటిదే అని నేనంటే పదిమందికీ చూపించుకో. కాదంటే అచ్చులు అటకెక్కుతాయి. మళ్ళీ అడగకూడదు."

"సరేనండీ" అంది ఖాలా.

తిరుగు బస్సులో నేను గొడవపడ్డాను. ఆయనకి కళ్ళే కనపడవు, ఆయన కాదంటే ఇంత పనీ వృథాయేనా, నువ్వే ఆర్టిస్టువి కదా అన్నాను. ఖాలా కిటికీలోంచి చూస్తూ, "నేను గీస్తే అది నా బొమ్మ అవుతుంది నసీమా. ఆయన మాదే అంటే బట్ట అవుతుంది" అంది.

నానీ దస్తర్‌ఖాన్ ఇంకోసారి ఊరు దాటడానికి వీల్లేదంది కాబట్టి ఖాలా దాన్ని మేడ మీద నేల మీద పరిచి, బటర్ పేపర్ వేసి, చుట్టూ జరుగుతూ, ఒక్కో పువ్వునీ ఎత్తి గీసింది. ఎనిమిది రోజులు పట్టింది. అది మార్చి నెల, స్కూల్లో పరీక్షలు. ఆమెకి సెలవు దొరకలేదు. ఆ కాగితం తీసుకెళ్ళి నాంచారమ్మకి ఇచ్చి వివరంగా చెప్పి రమ్మని నాకు అప్పగించింది.

నా ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పాలి. మా డెస్కులో మూర్తి గారని పెద్దాయన ఉండేవారు. సీసం అక్షరాలు చేత్తో పేర్చే కాలంనుంచి ఉన్న మనిషి. నేను చేరిన మొదటి వారంలోనే దిద్దుబాటు గుర్తులన్నీ నా చేత వందేసిసార్లు వేయించారు. అక్షరం తలకిందులుగా పడితే వేసే గుర్తు కూడా వాటిలో ఒకటి. "ఇప్పుడు అక్షరాలు తిరగబడవు కదండీ, మిషన్ మీద వస్తున్నాయి" అంటే, "తిరగబడేది ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుందమ్మా, నీ కన్ను సిద్ధంగా ఉండాలి" అన్నారు. నా కన్ను ఎంత సిద్ధమైందంటే పెళ్ళి శుభలేఖలో, సోడా బండి మీద, ఆఖరికి అమ్మీ రాసిన సరుకుల చీటీలో కూడా తప్పులు దిద్దేదాన్ని.

బస్సెక్కే ముందు ఒకసారి చూద్దామని ఆ కాగితాన్ని మేడ మీద గోడకి వేలాడదీశాను. నేల మీద ఉన్నప్పుడు ఎవరి వైపునుంచి చూస్తే వాళ్ళకి కొన్ని పువ్వులు నిటారుగా, కొన్ని అడ్డంగా కనపడతాయి, తేడా తెలియదు. గోడ మీద అలా కాదు. అన్ని పువ్వులూ తల లోపలికి, కాడ బయటికి ఉన్నాయి. మూల ఒక్కటి మాత్రం తల బయటికి, కాడ లోపలికి ఉంది. ఎనిమిది రోజులు మోకాళ్ళ మీద కూర్చుని గీసిన మనిషి అలసటలో చేసిన పొరపాటు అనుకున్నాను. కిందికి దిగి దస్తర్‌ఖాన్‌తో పోల్చి చూడాలని తోచలేదు. సంచిలోని ఎర్ర పెన్సిల్ తీసి పువ్వు చుట్టూ సున్నా చుట్టి, పక్కన తిరగబడిన అక్షరం గుర్తు వేశాను. నాంచారమ్మకి కాగితం ఇస్తూ, "ఇదొక్కటి పొరపాటున తిరగబడిందండీ, మిగతావాటిలాగే వేసెయ్యండి" అని చెప్పాను. ఖాలాకి చెప్పలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటుందని.

పరీక్షలయ్యాక, అచ్చులు వేయడం ముగిసేవేళకి, ఖాలా కూడా వచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెడితే మా ఇంటి వాసనలన్నీ గుర్తు లేకుండా పోయేవి. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి నానబెట్టిన బట్ట పులిసిన వాసన, తుప్పు ఇనుము, బెల్లం కలిపి కుండలో ఊరబెట్టిన నలుపు వాసన. నలుపు గీత అచ్చు వేయగానే కనపడుతుంది. ఎరుపు కనపడదు. దానికోసం వేసేది పటిక నీళ్ళే. బట్టని కాలవలో ఉతికి, రాగి బానలో రంగునిచ్చే వేరుతో, ఆకుతో ఉడికిస్తే అప్పుడు పటిక పడ్డ చోటల్లా ఎరుపు లేస్తుంది. బాన చుట్టూ నిలబడి నాంచారమ్మ కర్రతో కలుపుతుంటే, మరిగే నీళ్ళలోంచి ఆ పువ్వులు ఒకటొకటే ఎర్రబడుతూ పైకి తేలడం నా జీవితంలో చూసిన గొప్ప దృశ్యాల్లో ఒకటి. తర్వాత చాలా చూశాను, వరదలు, ఎన్నికలు, ముఖ్యమంత్రులు. వాటి గురించి రాయమంటే పాత పేపరు చూసుకోవాలి. ఇది చూడకుండా రాయగలను.

అద్దకం జరిగిన ఆ పదిహేను రోజులూ వీరభద్రయ్య గారు ఊళ్ళో లేరు. బందరులో కూతురింట్లో ఉండి కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. నల్ల కళ్ళజోడుతో ఆయన తిరిగొచ్చిన రోజున బట్ట కాలవ గట్టు మీద ఆరుతోంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఖాలా కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆయన బట్ట చుట్టూ ఒకసారి నడిచారు. నేరుగా ఒక మూలకి వెళ్ళి వంగారు. అక్కడినుంచి రెండో మూల, మూడో మూల, నాలుగో మూల. నిలబడి నడుము పట్టుకున్నారు.

"బాగుంది. మా ఇంటిది కాదు."

ఖాలా ముఖంలో రంగు పోయింది. "అచ్చులు మీవే కదండీ" అంది.

"అచ్చులు మావే. బట్ట మాది కాదు."

 ఖాలా నాంచారమ్మ దగ్గరనుంచి బటర్ పేపర్ తెచ్చుకుని గడ్డి మీద పరిచింది. "ఎక్కడ తప్పానో చూసుకుంటాను, ఒక్క నిమిషం ఆగండి" అని మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక చేత్తో కాగితం మీద, ఇంకో చేత్తో బట్ట మీద లెక్కపెడుతూ పువ్వు పువ్వూ పోల్చుకుంటూ జరిగింది. ఆమె అలా జరుగుతుంటే ఎటు వెళుతుందో నాకు ముందే తెలిసిపోయింది. నానీ కూర్చునే మూల, అన్నం గిన్నె కింది పువ్వు, మొదటి రోజున ఆయన కంటికి ఆనించుకున్న మూల అన్నీ ఒకటేనని అప్పుడు తట్టింది. ఖాలా వేలు ఎర్ర సున్నా మీద ఆగింది. తలెత్తి నా వైపు చూసింది.

"నేనేనండీ" అన్నాను.  "ఖాలా సరిగానే గీసింది. ఒక పువ్వు తిరగబడి ఉంటే తప్పనుకుని నేనే సరిచేశాను."

వీరభద్రయ్య గారు నల్ల కళ్ళజోడు కాస్త పైకెత్తి నన్ను చూశారు. "నువ్వేం పని చేస్తావమ్మా?"

"పేపర్లో తప్పులు దిద్దుతానండీ."

"అయితే నీ తప్పు లేదులే" అన్నారు. గట్టు మీదివాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆయనే చెప్పారు. వాళ్ళ నాన్నగారి కాలంలో ఇరవై ఇళ్ళ బట్టలు ఒకే కాలవలో ఉతికేవారు. అందరివీ ఎరుపు నలుపులే, అందరివీ ఒకే గట్టు మీద ఆరేవి. సాయంత్రం ఎవరి బట్ట ఎవరిదో తెలియాలి గదా. అందుకని ఒక్కో ఇల్లూ ఒక్కో చోట ఒక్క అచ్చు తిప్పి వేసేది. ఒకరిది నడి ఆకు, ఒకరిది అంచు మీద మూడోది. వీళ్ళది మూల పువ్వు.

"మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది కదండీ" అంది నాంచారమ్మ కొంచెం కోపంగా. "నాకు కూడా చెప్పలేదు మీరు."

"చెప్పేదేముందే? నీ పుట్టింటి గిన్నెల మీద పేరు ఎందుకు కొట్టించారో ఎవరైనా చెప్పారా నీకు?"

నాంచారమ్మ మూతి తిప్పుకుంది. ఖాలా ఇంకా కాగితం దగ్గరే కూర్చుని ఉంది. "నేను గీశానే గానీ చూడలేదు" అంది మెల్లగా. "చూసి ఉంటే అడిగేదాన్ని."  నా సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు దిద్దినదాన్ని నువ్వే దిద్దు" అంది. మూర్తి గారు నేర్పిన గుర్తుల్లో దానికీ ఒకటి ఉంది. పొరపాటున దిద్దినదాన్ని ఎప్పట్లాగే వదిలెయ్యమని కింద వరసగా చుక్కలు పెట్టి పక్కన ఒక మాట రాయాలి. అక్కడే గడ్డి మీద కూర్చుని చుక్కలు పెట్టి, "ఉంచవలెను" అని రాశాను.

"దిద్దుకున్నారు గదా, ఇంకొక్కసారి వేసి చూపించండి" అన్నారు వీరభద్రయ్య గారు. కరక్కాయ పట్టించిన బట్ట ఇంకొకటి ఉంది. లేనివి రోజులే. ఇంకో వారంలో వేసవికి కాలవ కట్టేస్తారు. పారే నీళ్ళు లేకపోతే పటిక వదలదు, ఎరుపు తెలుపులోకి పాకుతుంది, జూన్ దాకా ఆగాలి. అప్పటిదాకా ఆయన మాట నిలబడుతుందో, ఆయనే నిలబడతారో ఎవరికీ తెలియదు. నాంచారమ్మ దుప్పట్ల పని పక్కన పెట్టి మూడు రోజులు అచ్చు కింద పెట్టకుండా అద్దింది. ఖాలా స్కూలుకి జ్వరమని చీటీ పంపింది. నేను కూడా మూర్తి గారికి అలాంటిదే పంపాను, అందులో ఒక్క అక్షరం తప్పు లేకుండా. మూల పువ్వు దగ్గరికి వచ్చేసరికి నాంచారమ్మ ఆగి, "మావయ్య గారూ, రండి" అంది. ఆయన వచ్చి అచ్చు తిప్పి పట్టుకున్నారు. చెయ్యి వణుకుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగపట్టి దించారు. నాంచారమ్మ పైనుంచి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. పువ్వు వెంట్రుకవాసి పక్కకి పడింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనసలే అనలేదు.

బట్ట ఉతికే రోజున కాలవ మోకాలి లోతుకి దిగిపోయింది. రెండోసారి ఉతికి గట్టు మీద పరిచేసరికి నీళ్ళు పిక్కల దాకా కూడా లేవు. మళ్ళీ అందరూ చేరారు. వీరభద్రయ్య గారు ఈసారి చుట్టూ తిరగలేదు. తన మూల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, తడి ఆరని ఆ పువ్వు మీద అరచెయ్యి వేశారు.

"మాదే" అన్నారు.

ఖాలా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆయన ఎదురు మూల చూపించి, "తర్వాత వేసేదాంట్లో ఆ పువ్వు కూడా తిప్పు. ఈ మూల మాది, ఆ మూల నీది" అన్నారు.

"నాకెందుకండీ? నేను వట్టిగా ఎత్తి గీసినదాన్ని."

"రేపు నిన్ను చూసి ఇంకో నలుగురు వేస్తారు. బట్టలన్నీ కాలవలో కలిసిపోతే నీది నీకెలా తెలుస్తుంది?"

ఖాలా ఆ పూటే బటర్ పేపర్ మీద రెండో మూల పువ్వుని నీలం పెన్సిల్‌తో తిప్పి గీసింది. ఆ తర్వాత ఎన్ని రంగుల్లో, ఎన్ని సైజుల్లో ఆ పువ్వు వేసిందో నేను చెప్పలేను. చీర కుచ్చిళ్ళ మీదికి, తెరల మీదికి, కాగితం గుజ్జు పళ్ళేల మీదికి, ఒక స్కూలు గోడ మీదికి అది వెళ్ళింది. రెండు టిక్కెట్ల షాపాయన కొన్నేళ్ళకి తనే వచ్చి మా వీధి గదిలో కూర్చుని, "ఆ పెద్దపువ్వు రకం మాకు కూడా ఇప్పించండి" అని అడిగాడు. ఖాలా టీ ఇచ్చి, "బస్సులో ఇబ్బందేమోనండీ" అంది. తర్వాత ఇచ్చింది. వీరభద్రయ్య గారు ఇంకో నాలుగేళ్ళు ఉన్నారు. పోయిన రోజున ఆయన మీద కప్పింది ఆ బట్టే, ఆయన మూల తల వైపుకి వచ్చేలా. నాంచారమ్మ ఇంట్లో ఇప్పుడు ఆమె కూతుళ్ళు, మరి కొందరు ఆడవాళ్ళు అద్దుతున్నారు. గన్నవరం విమానాశ్రయంలో ఎవరి భుజం మీదనో ఆ ఎరుపు కనపడితే నేను చెకింగ్ వరస వదిలి వెనక్కి వెళ్ళి మూల చూసొస్తాను. చాలాసార్లు అన్ని పువ్వులూ ఒకే తీరుగా ఉంటాయి, ఎక్కడో మిషన్ మీద వేసినవి. వాటిలో వంక పెట్టడానికేమీ ఉండదు. ఎప్పుడో ఒకసారి రెండు పువ్వులు తిరగబడి కనపడతాయి. ఆ రోజంతా నా నడకే వేరు.

నానీ పోయింది, వన్‌టౌన్ ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీద తింటున్నాం, అది కూడా ఒక్కొక్కరు ఒక్కో వేళకి, పళ్ళెం చేతిలో పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ. ఎవరి చోటు ఏదో ఎవరికీ తెలియదు. దస్తర్‌ఖాన్‌ని ఖాలా దాచింది. పప్పు మరకతో సహా అది ప్రదర్శనలో గాజు వెనక ఉండబోతోంది. మరక తీయించమంటారా అని వాళ్ళడిగితే, "అది మా పిల్ల పేరు" అందట.

బటర్ పేపర్ చుట్ట ఇవ్వడానికి నేను ఖాలా ఇంటికి వెళ్ళిన మధ్యాహ్నమే ప్రదర్శన వాళ్ళ దగ్గరనుంచి ఒకమ్మాయి నా నంబరుకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"మేడమ్, చిన్న ఇష్యూ అండీ. బుక్‌లెట్ కవర్ మీదికి వెళ్ళే క్లాత్‌లో రెండు పువ్వులు రివర్స్‌లో పడ్డాయి. ఫోటోలో సిస్టమ్ మీద నేను సరిచేసేశాను. పెద్దావిడకి చెబితే బాధపడతారేమోనని మీకు చెబుతున్నా."

ఖాలా కుర్చీలో వెనక్కి వాలి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వుతోంది. "నీ చెల్లెలు దొరికిందే" అంది గుసగుసగా.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

"డిజైనింగ్ మేడమ్. ప్రింట్‌కి వెళ్ళేముందు తప్పులు చూసేది కూడా నేనే."

"అయితే నీ తప్పు లేదులే" అన్నాను. "రేపు పొద్దున ఒకసారి రా. ఒక కాగితం ఇస్తాను. మూల మీద ఎర్ర పెన్సిల్‌తో ఏం రాసుందో చదివి, అలాగే చెయ్యి."